నాలుగో మిషన్‌కు నిమ్మకాయ

దూలపల్లిలో మేము నీళ్ల సీసాల మూతలు తయారుచేస్తాం. అంటే మిషన్లు తయారుచేస్తాయి. నేను స్టోర్‌లో కూర్చుని, ప్లాస్టిక్ గింజల బస్తా మొదలుకొని చీపురు దాకా ఎవరికి ఏమిచ్చానో కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా మేడ్చల్ గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆదివారం తలుపులు తీసే వేళకే వెళ్తాను. చరిత్ర, జంతుశాస్త్రం బీరువాలు అయిపోయాక గణాంకశాస్త్రం మీద ఒక పుస్తకం దొరికింది. దాన్ని రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది. ఆ సగానికే మస్తు గర్వంగా ఉండేది.

మా దగ్గర నాలుగు మిషన్లున్నాయి. శనివారం శనివారం మొదటి మూడు మిషన్లకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కడతారు. నాలుగోదానికి కట్టరు. దాన్ని నడిపే అన్న శామీర్‌పేట వైపు నుంచి వస్తాడు. ఆదివారం చర్చి తప్పడు, ఇలాంటివి కట్టడు. దాని మీద ఎప్పుడూ మాటా మాటా రాలేదు. కట్టేవాళ్లు కట్టుకున్నారు, ఆయన మానుకున్నాడు, మూతలు మాత్రం అన్నిట్లోంచి ఒకేలా రాలాయి.

అంతలో మా సారు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. సరుకు, హాజరు, రిపేర్లు, ఆర్డర్లు అన్నీ చూసి ఏం చేయాలో అదే చెబుతుందట. కృత్రిమ మేధ. "గుండుసూది గూడ అండ్ల ఎక్కాలె" అన్నాడు సారు. గుండుసూదే ఎక్కాలంటే నిమ్మకాయ ఎక్కక తప్పదు కదా. ఏ మిషన్‌కు ఎన్ని ఇచ్చామో అదీ ఎక్కింది. ఇది ఏ రకం సామాను అని కంప్యూటర్ అడిగితే, సారు కాసేపు ఆలోచించి, గ్రీజు ఉన్న వరుసలోనే పెట్టమన్నాడు. ఆ వరుస పేరు రక్షణ సామగ్రి.

వేసవి మొదట్లో ఒక పొద్దున సారు ఫోన్‌కు సందేశం వచ్చింది. "నాలుగవ యంత్రము తరచుగా ఆగుచున్నది. అన్నింటికన్న కొత్తదైనను ఇట్లు జరుగుచున్నది. మిగిలిన మూడింటికి అందుచున్న నిమ్మకాయ దీనికి అందుట లేదు. దీనికి కొత్త ఆర్డర్లు ఇవ్వరాదు. విక్రయించుట మేలు."

తెలుగు మాత్రం చక్కగా ఉంది. ఒక్క తప్పు లేదు.

"మా అవ్వ జెప్పిందే గిది జెప్తాంది" అన్నాడు సారు. "అవ్వ సదువుకోలే. గిది లోకంల ఉన్న సదువంత సదివింది. ఇద్దరిదీ ఒక్కటే మాటైనంక ఇగ నువ్వేంది, నేనేంది?"

గుండ్లపోచంపల్లిలో పాత ఇనుము కొనే ఆయనకు ఫోన్ వెళ్లింది. నెలాఖరుకు వచ్చి చూస్తానన్నాడు. మిగతా మూడు మిషన్లకు మనుషులున్నారు. ఈ మిషన్ పోతే అన్న ఇంటికే. ఆ వయసులో ఆయనకు ఇంకొకరు పని ఇవ్వరు.

నేను పుస్తకం చదివినవాడిని కాబట్టి సారు దగ్గరికి వెళ్లాను. "గొడుగులు దెరిసినందుకు వాన పడదు సార్. రెండు ఒక్కతాన కనవడ్డంత మాత్రాన ఒకదానివల్ల ఇంకోటి అయినట్టు గాదు."

"వాన ముచ్చట ఇప్పుడెందుకయ్యా? మూతల ముచ్చట జెప్పు."

అసలు సంగతి అందరికీ తెలుసు. నాలుగోది అన్నిటికన్నా ముసలి మిషన్. బాలానగర్‌లో ఎవరో వాడి వదిలేస్తే తెచ్చారు. చివర వచ్చింది కాబట్టి కంప్యూటర్ లెక్కలో అదే పసిపిల్ల. మిషన్ ముసలిదని దానికి టైపు చేసి చెప్పాను. తయారైన సంవత్సరానికి కాగితం చూపించమంది. మిషన్ మీది రేకు ఎప్పుడో ఊడిపోయింది, బిల్లు ఎవరి దగ్గరా లేదు. "ఆధారము లేనిదే వయసు మార్చజాలను. మీ సహకారమునకు ధన్యవాదములు" అంది.

మూడో మిషన్ అతను అన్నను ఆటపట్టించాడు. "ఒక్క నిమ్మకాయ గట్టరాదే అన్నా. మీ పాస్టర్ ఈడికొచ్చి జూస్తడా?"

"పాస్టర్ జూడడు. నేను జూస్త గద రోజు" అన్నాడు అన్న.

ఆరోజు మధ్యాహ్నం సద్ది విప్పి ముద్ద కలిపాడు కానీ నోట్లో పెట్టలేదు. "ఇంట్ల ప్రార్థన జేస్తున్నరు తమ్మీ. మిషన్ కోసమైతే జేస్తున్నం. కంప్యూటర్ కోసం ఎట్ల జెయ్యాల్నో తెలుస్తలేదు."

నేను మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిమ్మకాయను మిషన్‌కు కట్టడం తప్పనిసరా అని అడిగాను. "కట్టుటను గూర్చి నా వద్ద సమాచారము లేదు. స్టోరు నుండి ఇచ్చినట్లు నమోదైన చాలును" అంది.

పోయి, నిమ్మకాయ తీసుకుంటే చాలట అని అన్నకు చెప్పాను.

"తీస్కొని ఏంజెయ్యాలె?"

"నీ ఇష్టం అన్నా."

"అబద్ధమైతే వద్దు."

"నేను ఇచ్చిన, నువ్వు తీస్కున్నవ్. గంతే రాస్త."

అన్న చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. "కట్టుడు నాతోని గాదు. తాగుడైతే అయితది."

శనివారం అందరితోపాటు ఆయనా నిమ్మకాయ తీసుకుని, గ్లాసు నీళ్లలో పిండి, ఉప్పు వేసుకుని తాగాడు. కంప్యూటర్‌లో నాలుగో మిషన్ గడి అప్పటిదాకా ఎర్ర రంగులో ఉండేది, మరుసటి వారానికి పచ్చరంగులోకి మారింది. ఆర్డర్లు కూడా వచ్చాయి. మధ్యలో ఒకసారి పైపు కారి ఆగితే అన్నే బాగుచేసుకున్నాడు. "నిమ్మకాయలు రెండు చేయుడు" అని కంప్యూటర్ సలహా ఇచ్చింది. రెండు ఇచ్చాను. అన్న రెండూ తాగాడు.

నెలాఖరున పాత ఇనుమాయన చెప్పినట్టే వచ్చాడు. సారు ఆయన్ను వెంటబెట్టుకుని లోపలికొచ్చే సమయానికి అన్న చేతిలో నిమ్మచెక్క ఉంది.

"గది మిషన్‌కు ఇచ్చింది గదా?"

"అవును సార్, మిషన్ పేరు మీదనే" అన్నాడు అన్న. "నేను తాగుతున్న."

ఇనుమాయన అప్పటికే మిషన్ పక్కన వంగి వేలితో తట్టి చూస్తున్నాడు. సారు గ్లాసును చూశాడు. ఫోన్ తీసి పచ్చరంగును చూశాడు. టపటపా రాలుతున్న మూతలను చూశాడు. గొడుగుల సంగతి మళ్లీ ఎత్తుదామా అనుకున్నాను.

"తాగినా పనిజేస్తాంది" అన్నాడు సారు, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత ఇనుమాయనతో, "గిది అమ్మేది లేదు. నువ్వు చాయ్ తాగి పో" అన్నాడు.

అన్న ఉప్పు డబ్బా మూత తీశాడు. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఉప్పేస్తె ఏమైతదో ఏందో. కంప్యూటర్‌ను అడుగుండ్రి ముందు."

నేను అడిగాను. "ఉప్పును రక్షణ సామగ్రిగా నమోదు చేయవలెనా?" అని అదే నన్ను తిరిగి అడిగింది. అన్న నా భుజం మీంచి తొంగి చూసి డబ్బా మూత పెట్టేశాడు.

"వద్దను తమ్మీ. చప్పటిదే తాగుత. మిషనైతే ఉన్నది గదా."