కడిగిన తొట్టి

గుడ్డలకు రంగులు వేసే కార్ఖానాలో అందరూ ఆమెను వదినమ్మ అనే పిలిచేవారు. యజమానికి స్వయానా వదిన. భర్త పోయాక మరిది దగ్గర పనిలో చేరింది. చేరిన రోజు మొదట నేల తుడిచింది. తుడవమని ఎవరూ చెప్పలేదు.

నాణ్యతకు, పర్యావరణానికి సర్టిఫికెట్లు తెచ్చుకుందామని పట్టుబట్టింది ఆమే. మరిది నవ్వాడు.

"గోడకి పటం తగిలిస్తే గుడ్డకి రంగెక్కుతుందా వదినా?"

ఎక్కింది. రంగును కొలిచి కలపడం నేర్పించింది. రెండోసారి ముంచాల్సిన గుడ్డ తగ్గింది. నీళ్ళ ఖర్చూ తగ్గింది. అంతవరకు గుమ్మం తొక్కని పెద్ద కంపెనీ వాళ్ళు సర్టిఫికెట్ చూసి లోపలికి వచ్చి కూర్చున్నారు. ఏడాది పొడవునా పని దొరికింది. మరిది నవ్వడం మానేసి మరో షెడ్డు వేశాడు.

కార్ఖానా మొత్తంలో ఆమెకు గిట్టనిది ఒక్కటే: పెరట్లోని మురుగునీటి తొట్టి. అందులో గోధుమరంగు బురద. అడుగునున్న గాలి గొట్టాల నుంచి బుడగలు తన్నుకొచ్చేవి. దాన్ని చూసుకునే ముసలాయన్ని బురద బాబాయి అనేవారు. సెలవుల్లో రంగునీళ్ళు రాకపోతే ఆయన దానికి పంచదార నీళ్ళు పోసేవాడు.

"నీ అల్లుడికైనా ఇంత మర్యాద చేశావా బాబాయ్?"

"అల్లుడు అలిగితే మళ్ళీ వస్తాడమ్మా. ఇది అలిగితే రాదు."

ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

సర్టిఫికెట్ నిలవాలంటే ఏటా తనిఖీ ఉంటుంది. ఈసారి తనిఖీకి ముందు కార్ఖానాకు సెలవులొచ్చాయి. బాబాయి జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఆమె మనుషుల్ని పెట్టి తొట్టి ఖాళీ చేయించింది. బురదను లారీకెత్తించింది. గోడలు తెల్లబడే దాకా బ్లీచింగ్‌తో రుద్దించింది. తానూ రుద్దింది. సాయంత్రానికి తొట్టి అద్దంలా ఉంది. పెరట్లో ఏ వాసనా లేదు.

యంత్రాలు మళ్ళీ తిరిగాయి. తొట్టి నిండింది. బుడగలు కూడా వచ్చాయి. దాని నుంచి కాలువలోకి వెళ్ళే నీళ్ళు మాత్రం నీలంగా ఉన్నాయి.

బాబాయి వచ్చి తొట్టి అంచున నిలబడ్డాడు. తిట్టలేదు.

"రంగుని తినేది ఆ బురదేనమ్మా. దానికి ప్రాణం ఉంది."

"మళ్ళీ పెరగదా?"

"ఎక్కడి నుంచైనా కాస్త తెచ్చి వేస్తే పెరుగుతుంది. నెలలు పడుతుంది."

తనిఖీ మర్నాడే.

తనిఖీకి వచ్చినతను ఫైళ్ళన్నీ చూసి మెచ్చుకున్నాడు. కాలువలోకి వెళ్ళే నీళ్ళు కొంచెం పట్టి తెమ్మని సీసా ఇచ్చాడు. ఆమె వెనకే మరిది పెరట్లోకి వచ్చాడు.

"కుళాయి నీళ్ళు పట్టు వదినా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాగా."

"సర్టిఫికెట్ పోతే కంపెనీ వాళ్ళు ఇటు కన్నెత్తి చూడరు. ఇంతమందీ రోడ్డున పడతారు. నీ చేత్తో తెచ్చింది నీ చేత్తోనే పోగొడతావా?"

కుళాయి పక్కనే ఉంది. ఆమె దాన్నే చూసింది. తర్వాత వంగి సీసాను కాలువలో ముంచింది.

ఆఫీసు బల్ల మీద పెట్టింది. అతను దాన్ని వెలుతురుకి ఎత్తాడు. అతని చొక్కా మీద సీసా నీలం నీడ కదిలింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"తొట్టి కడిగిన దగ్గర్నుంచి. నేనే కడిగించాను."

మరిది వైపు తిరిగింది. "యంత్రాలు ఆపించు బాబూ."

మరిది కదల్లేదు. గోడ అవతల యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కిటికీ బయట, కాలువ దిగువ ఇళ్ళ వాళ్ళు నీలం నీళ్ళ బిందెలతో ఒక్కొక్కరే వచ్చి గేటు ముందు నిలబడుతున్నారు.