కుడి పక్కకు తిప్పిన గుడ్లగూబ

మా మరిది ఓదెలు ఉద్యోగానికి ఒక గుడ్లగూబ అడ్డం పడింది. అది గోదావరిఖని గుడ్లగూబ కాదు. రామగుండందీ కాదు. ఎక్కడో అడవిలో తన చెట్టు మీద తన మానాన తాను కూర్చున్న పక్షి. దాన్ని తెచ్చి మా గడప పక్కన కూర్చోబెట్టిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వడం ఆపలేదు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. చదివినవన్నీ భక్తి పుస్తకాలే కాబట్టి అచ్చులో కనబడిందీ, రేడియోలో వినబడిందీ అబద్ధం కాదని నా నమ్మకం. పెళ్లికి ముందు మా ఊళ్లో నన్ను నిద్రలేపింది పిట్టలే. బొగ్గుబాయి క్వార్టర్‌కు వచ్చాక ఆ పని సైరన్ తీసుకుంది. ఇక్కడ పిట్టలు లేక కాదు. బాజాల మోతలో పెళ్లికూతురి ఏడుపులాగా, లారీల మోతలో వాటి గొంతు ఎవరికీ అందేది కాదు. అందుకే మా ఆయన ట్రాన్సిస్టర్ కొన్నప్పుడు, అందులో వారానికొకసారి పొద్దున్నే అడవి నుంచి పక్షుల కూతలను నేరుగా వినిపిస్తారని తెలిసినప్పుడు, దేవుడు నా కోసమే ఆ పెట్టె చేయించాడనుకుని దండం పెట్టుకున్నాను.

ఓదెలు అప్పటికి బదిలీ మనిషి. ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాడికి పని, అందరూ వస్తే తిరిగి ఇంటికి. ఒకనాడు బాయిలో వాళ్లకు పని పంచే సర్దార్ చెప్పి పంపాడు: "రేపు మొదటి షిఫ్టుకు టైముకొచ్చి నిలబడు. పెద్దసారు వచ్చి పర్మినెంటుకు మనుషులను ఏరుతడు. లేటయితే మళ్ల వానలు పడ్డంకనే."

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని మొక్కుకున్నాను. "తండ్రీ, పిల్లగాడు బయలెల్లేటప్పుడు ఏదో ఒక గుర్తు చూపియ్యి." మంచి గుర్తు అని విడిగా అనలేదు. దేవుడికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. అడిగే పద్ధతి ఎరగని మనిషి అడిగితే ఇలాగే ఉంటుంది.

తెల్లారింది. మా ఆయన రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. గడపకు ఎడమ పక్క కిటికీలో రేడియో పెట్టాను. బుల్బుల్ పలికింది, కోయిల పలికింది, నా కడుపు నిండింది. ఓదెలు టిఫిన్ డబ్బా పట్టుకుని గడప మీద కాలు పెట్టాడో లేదో, "గూ... గూ..."

"ఆగు బిడ్డా!" అని మా అత్తమ్మ వాడి అంగీ పట్టుకుంది. "ఎడమ దిక్కు గూబ కూసింది. లోపటికి రా."

"అవ్వా, అది రేడియో!"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. చదువుకున్నదాన్ని కదా, వివరం చెప్పకుండా ఉండగలనా?

"రేడియోనే గని ఓదెలూ, గిది పాట లెక్క కాదు. గా పిట్ట ఇప్పుడే, ఈ నిమిషమే, నిజంగ కూస్తున్నది. నేరుగా వస్తున్నది."

"సూసినవా, సదువుకున్నామె చెప్పింది" అంది అత్తమ్మ.

కాళ్లు కడిగించాం. నీళ్లు తాగించాం. కాసేపు కూర్చోబెట్టాం. మళ్లీ లేచాడు. మళ్లీ "గూ... గూ..."

"వదినె, దండం పెడ్త, దాన్ని బంద్ చెయ్యి!"

"బంద్ చేస్తే మనకు వినరాదు. గా పిట్ట అరుసుడు మానుతదా?"

వాడు మళ్లీ కాళ్లు కడుక్కున్నాడు. నవ్వకండి. పొద్దున్నే భూమిలోకి దిగే మనిషిని గడప దగ్గర ఇంకొక్క క్షణం ఆపుకోవడానికి ఆ కాలనీలో ఆడవాళ్లకు శకునం తప్ప ఏం సాధనం ఉంది? పైన ఉన్నంతసేపే వాళ్లు మన చేతిలో ఉండేది. మా భయానికి పిట్టల పేర్లు పెట్టుకున్నాం, అంతే.

ఈ గలాటా అంతా పక్క క్వార్టర్ ఖాదర్ కాక, లారీల మెకానిక్, గోడ మీదుగా చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా, పిలగాడు డ్యూటీకి పోతున్నడా, నమాజుకు పోతున్నడా? ఎన్నిసార్లు కడుక్కుంటడు కాళ్లు?"

విషయం చెప్పాను. కాక గడ్డం నిమురుకున్నాడు. "ఎడమకు కూస్తే కీడు. మరి కుడికి కూస్తే?"

"మేలు" అంది అత్తమ్మ.

"అయితే ఫికర్ ఎందుకమ్మా? రేడియోను కుడి పక్కకు పెట్టున్రి!"

ఆయన పరాచికానికన్నాడు. నేను ప్రసాదంలా అందుకున్నాను. రెండు చేతులతో ట్రాన్సిస్టర్‌ను, దేవుడి పల్లకీని మోసినంత భయభక్తులతో తెచ్చి, గడపకు కుడి పక్క స్టూలు మీద పెట్టాను. ఓదెలు గడప మీద సిద్ధంగా నిలబడ్డాడు.

గుడ్లగూబ కూయలేదు.

నెమలి అరిచింది. పిచ్చుకలు సంత పెట్టాయి. చివరికి ఏదో వాగు కూడా గలగలమంది. గుడ్లగూబ మాత్రం నోరు విప్పలేదు. వద్దన్నప్పుడు చెవులు పగిలేలా కూసి, కావాలన్నప్పుడు అలిగిన అల్లుడిలా కూర్చుంది.

"కూయవే నా తల్లీ" అని అత్తమ్మ రేడియోను బతిమాలింది.

"నేను పోత అవ్వా!"

"మేలు చేతికొచ్చే యాళ్లకు ఉరుకుతవేందిరా!"

అంతలో షిఫ్టు సైరన్ మోగింది. ఓదెలు ముఖం బొగ్గుకంటే నల్లబడింది. సైరన్ ఆగగానే కుడి పక్క నుంచి, నిండుగా, మంగళవాద్యంలాగా, "గూ... గూ..."

"పో బిడ్డా, జల్ది పో! మేలు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. వాడు డబ్బా మరిచి పరుగెత్తాడు.

వాడు మలుపు తిరిగాడో లేదో, రేడియోలో ప్రకటనలు చదివే ఆమె ఎంతో మర్యాదగా చెప్పింది: "సాంకేతిక కారణాల వల్ల ఈ ఉదయం అడవి నుంచి ప్రత్యక్ష ప్రసారం అందించలేకపోయాం. ఇంతవరకు మీరు విన్నవి నిరుడు రికార్డు చేసిన పక్షుల కూతలు. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

గోడ అవతల ఖాదర్ కాక కూలబడిపోయి నవ్వాడు. అత్తమ్మ నా వైపు చూసింది. "పిల్లా, అంటే నిరుటి కీడుకు ఈయేడు కాళ్లు కడిగించినమా?"

సైరన్ మోగినందుకు కాదు, ఖాదర్ కాక నవ్వినందుకు నాకు ఏడుపొచ్చింది. తర్వాత సంగతి తెలిశాక నిజంగానే సైరన్ కోసం ఏడ్చాను.

ఓదెలు వెళ్లేసరికి ఏరడం అయిపోయింది. కూసే గూబ వచ్చి పనికి పోయే మరిదిని చెడగొట్టింది. ఆలస్యం ఎందుకైందని సర్దార్ అడిగితే, అబద్ధం చెప్పడం రాని పిల్లగాడు "రేడియోల పిట్ట కూసింది సారూ" అన్నాడట. వానలు పడ్డాక నిజంగానే పర్మినెంటు అయ్యాడు, దేవుడి దయ. కానీ ఈలోగా బాయి లోపల చీకట్లో వాడి దీపం కనబడితే చాలు, నలుమూలల నుంచి "గూ... గూ..." అనేవారట.

ఆ రోజు తిరిగొచ్చిన వాడికి అన్నం పెడుతూ తలెత్తలేకపోయాను. "తిట్టు ఓదెలూ" అన్నాను.

వాడు తీరిగ్గా ముద్ద కలిపాడు. "నిన్నేమంట వదినె? గా పిట్ట నిరుడు కూసింది. తప్పు నాదే, నేను నిరుడే బయలెల్లి ఉండాలె."

అలాంటి మరిదిని ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఆ సాయంత్రమే దీపం సాక్షిగా ప్రమాణం కూడా చేశాను: ఇక మీదట సెల్లు వేస్తేనే పలికే ఏ ప్రాణి నోటి నుంచీ దైవవాక్కు వినను. గుర్తు చూపించమని దేవుణ్ని విసిగించను. ఒకవేళ ఆయనే దయతలచి చూపించినా, అది ఈ ఏటిదేనని తేల్చుకోకుండా ఏ మగవాడినీ గడప దగ్గర ఆపను.