సైకిలెక్కిన వరప్రసాద్ దంపతులు

మొయినాబాద్ పక్కన మా సురంగల్‌లో మనిషి సైకిలెక్కాడంటే బండి పాడైనా అయ్యుండాలి, మనిషి చితికిపోయైనా ఉండాలి. సరదా అనే కారణం హైదరాబాద్ వాళ్లకు మాత్రమే వర్తిస్తుంది. శనివారం తెల్లారేసరికి వాళ్లు కార్ల మీద సైకిళ్లు కట్టుకుని మొయినాబాద్ వస్తారు. వాటిని దించి చేవెళ్ల రోడ్డు మీద తొక్కి, మళ్లీ కార్లకే కట్టుకుని పోతారు. దాన్ని ఫిట్‌నెస్ అంటారు. మేమూ అలాగే అంటాం, నమస్తే సార్ అని కూడా అంటాం.

ఈ తేడా పట్టించుకోని అమాయకుడు మా ఊరి వరప్రసాద్. మొయినాబాద్‌లో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. నలగని చొక్కా, వారం వారం కడిగే మోటారు సైకిలు, చర్చిలో రెండో వరుస. ఆయన పరువంతా వీటి మీదే నిలబడి ఉంది. నేరం మాత్రం భార్య ఎస్తేర్‌ది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ఒకప్పుడు హైస్కూలుకు సైకిలు మీద వెళ్లిన పిల్ల, పెళ్లయ్యాక మొగుడి బండి వెనక సీటుకు పరిమితమైంది. పట్నం జంటలు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోవడం చూసి చూసి, "మనం గూడ గట్ల పోదామా?" అని అడిగింది. పాపం, ఆయన సరేనన్నాడు. రెండు సైకిళ్లు కొన్నాడు.

ఆ శనివారం ఇద్దరూ తీరిగ్గా బయలుదేరి, మొయినాబాద్ దాటాక బీరయ్య చాయ్ కొట్టు దగ్గర ఆగారు. అప్పటికే అక్కడ సైకిళ్లు దిగిన పట్నం సార్లకు బీరయ్య కుర్చీలు తుడిచి వేస్తున్నాడు. వరప్రసాద్‌ను మాత్రం పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఏమైందన్నా, ఫైనాన్సోళ్లు బండి గుంజుకపోయిండ్రా?"

"లేదు బీరన్నా, బండి ఇంటికాడ్నే ఉన్నది. ఊరికెనే తిరుగుదామని వచ్చినం."

"ఊరికెనే ఎవరు తొక్కుతరే? ఫికర్ జెయ్యకు. చాయ్ పైసలు నువ్వియ్యకు."

వరప్రసాద్ ఆ చాయ్ ముట్టలేదు. ఎస్తేర్ తన కప్పుతో పాటు అతని కప్పూ తాగింది. ఇంటికి రాగానే ఆయన తేల్చి చెప్పాడు. "ఇంకొక్కరు నోరెత్తిండ్రంటే రెండు సైకిళ్లు అమ్మేస్త."

నోరెత్తకుండా ఉండే ఊరా మాది! ఆదివారం ఆ వార్త చర్చికి వాళ్లకంటే ముందే చేరింది. ప్రార్థన మనవులేమున్నాయని పాస్టర్ గారు అడగగానే స్త్రీల సమాజం పెద్ద ప్రేమమ్మ లేచింది. ఆవిడ కళ్లు మూసుకుందంటే పక్కింటి కష్టం పరలోకం దాకా పోవలసిందే.

"ప్రభువా, నీ బిడ్డ వరప్రసాద్ బండి పోగొట్టుకొని, పెండ్లాంతోని సైకిళ్ల మీద ఎండల తిరుగుతున్నడు. రెండు చక్రాలు పోయిన తావుల నాలుగు చక్రాలియ్యి తండ్రీ!"

సంఘమంతా ఆమెన్ అంది. కడిగిన మోటారు సైకిలు గుమ్మం ముందే మెరుస్తోంది. కళ్లు మూసుకున్నవాళ్లకు ఎలాగూ కనబడదు, తెరిచినవాళ్లు అది బావమరిది దగ్గర అడిగి తెచ్చిన బండి అనుకున్నారు. నాకైతే ఒళ్లు మండింది. వరప్రసాద్ ఆడవాళ్ల వైపు కూర్చున్న ఎస్తేర్‌ను ఒక్క చూపు చూసి తల దించుకున్నాడు. సైకిళ్ల పని అయిపోయిందని ఎస్తేర్‌కు అర్థమైంది.

దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ కాగానే ఆమె లేచింది.

"మాకేం కష్టం రాలేదు ప్రేమమ్మక్కా. పెండ్లయినకాంచి ఈయన బండెనక కూసుంటున్న. ఈయన వీపు నాకు బాగ ఎరుకే. నేనేమన్నంటె గాలికి ఇనవడదు, ఊ అంటడు. నిన్న పక్కపొంటి తొక్కుకుంట పోయినం. నేను చెప్పింది ఇన్నడు. నవ్విండు. ఈయన నవ్వుతుంటె ముఖమెట్లుంటదో మరిచిపోయిన నేను." ఆమె ప్రేమమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది. "మీకు దండం పెడత. కారొస్తె మళ్ల ఈయన రోడ్డే చూస్తడు. ఆ ప్రార్థన వాపసు తీసుకోండ్రి."

పాస్టర్ జయరాజ్ గారు ఇరకాటంలో పడ్డారు. ఆమెన్ అన్నాక వాపసు తీసుకునే పద్ధతి ఆయనకెవరూ నేర్పలేదు. చివరికి ప్రేమమ్మే కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఆ కారు సంగతి ఇడిసిపెట్టు తండ్రీ."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది వరప్రసాదే.