కాడి మటుకే కలిసింది

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా మనవరాలు. పొద్దున పూజ ముగించి తులసికోట దగ్గర కూర్చుని ఉంటే పేపరు పట్టుకొచ్చి, ఏదో చిన్న దేశం రెండు పెద్ద దేశాలకూ మీతో స్నేహం సరే గానీ మీ వెనక నడవం అని చెప్పిందట అవ్వా, అని చదివి వినిపించింది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగలేదు. తొలివానకు తడిసిన ఎర్రనేల వాసన మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చింది. ఆ వాసన వెంట మా మేనత్త వచ్చింది.

అప్పుడు మాది మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లా. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి ఏడాదో రెండేళ్ళో అయింది. మార్కాపురం స్టేషన్లో దిగిన పేపరు మా ఊరు చేరేసరికి రెండు రోజుల పాతదయ్యేది. నాయన నాకు ఇంట్లోనే చదువు చెప్పేవాడు, ఆ రుణం ఏ జన్మకూ తీరదు. పలక మీద బర్మా, సింహళం గీసి, ఒక్కోదాని నుంచి పెద్ద దేశాల వైపు గీత లాగేవాడు. కొత్తగా విడుదలైన ఇంతింత చిన్న దేశాలు ఎవరో ఒక పెద్దవాడి నీడన చేరకపోతే బతకలేవనేవాడు. నాయన మాట నాకు దేవుడి మాట. అత్త మాత్రం పక్కనే కొర్రలు చెరుగుతూ ఊ కొట్టేది కాదు.

అత్తను ఇచ్చింది ఊళ్ళోనే. మామ పోయాక మూడెకరాల చేను, ఒక జత ఎద్దులు మిగిలాయి. ఆ ఎండాకాలం వాటిలో ఒకటి చచ్చిపోయింది. ఒంటెద్దుతో విత్తనం వేయలేం. ఊళ్ళో ఇద్దరు పెద్ద రైతులు, ఒకరంటే ఒకరికి పడదు. ఇద్దరూ కబురు పెట్టారు, మా ఎద్దుల్ని పంపుతాం, రచ్చబండ దగ్గర తగువొస్తే మా పక్కన నిలబడు అని. ఇంతలో వాన పడింది. నేలలో పదును, అంటే విత్తనం మొలిచేంత తడి, నాలుగు రోజులే ఉంటుంది. ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఒప్పుకొమ్మని నాయన బతిమాలాడు. అత్త నేరుగా పలకరాళ్ళు తోలే ఒంటెద్దు బండి సాయిబు ఇంటికి పోయింది. ఆయనకూ విత్తాల్సిన చెలక ఉంది. రెండెద్దుల్నీ ఒకే కాడికి కట్టి పొద్దున ఆమె చేను, సాయంత్రం ఆయన చెలక విత్తాలి, ఎవరి ఎద్దుకు మేత వారిదే అని ఒప్పుకున్నారు.

బాట అలవాటైన బండెద్దు చేను గట్టు దగ్గర మళ్ళనంటుంది, చక్కగా మార్కాపురం దారి పడుతుంది. సాళ్ళు వంకర్లు తిరిగాయి.

"ఏందమ్మా, పాము పోయినట్ల ఉండాయే సాళ్ళు?" అని ఒక పెద్ద రైతు ఎగతాళి చేశాడు.

"మొలిచేదానికి ఆ సంగతి తెలవదులే అన్నా" అంది అత్త.

నాలుగో రోజుకి పదును ఆరిపోయింది. ఆమెది అర ఎకరం, సాయిబుది కొంత బీడుపడ్డాయి.

"పెద్దోళ్ళతో పోయింటే ఒక్క పూటలో అయిపోయేది గదా" అన్నాడు నాయన.

"అయ్యేదిలే అన్నా. వచ్చే ఏడు వాళ్ళు విత్తమన్నప్పుడే విత్తాల. ఇప్పుడు నా ఎద్దు నాది, ఆయన ఎద్దు ఆయనది. కాడి మటుకే కలిసింది."

నాయన ఆ సాయంత్రం పలక తుడిచి మళ్ళీ అవే దేశాలు గీశాడు. ఈసారి గీతలు పెద్దవాటి వైపు పోలేదు. చిన్నవాటి నుంచి చిన్నవాటికి పోయాయి, అత్త సాళ్ళలాగే కొంచెం వంకరగా.

చెన్నకేశవస్వామి దయవల్ల నేను ఇన్నేళ్ళు బతికాను. ఆ పదును నాలుగు రోజులకే ఆరింది, అత్త మాట ఇప్పటికీ ఆరలేదు. పేపర్లో ఎక్కడైనా ఒక చిన్న దేశం పేరు కనబడితే, ఏ పేపర్లోనూ పేరు రాని మా మేనత్తను ఒక్కసారి తలుచుకోండి. ఆమె వదులుకున్న ఆ అర ఎకరాన్ని కూడా.