కర్త లేని వాక్యం

మేం ఏ వాక్యం చెప్పినా మా తెలుగు మాస్టారు, వేళ్ళకంటిన సుద్దపొడి రుద్దుకుంటూ "కర్త ఎవడ్రా?" అనేవారు. "కుండ పగిలింది" అంటే అస్సలు ఒప్పుకునేవారు కాదు. "దానంతటది పగుల్తుందా? పగలగొట్టినవాడు ఎవడో చెప్పు!" అని గద్దించేవారు.

రిటైరయ్యాక ఆయన ఒక మంత్రిగారికి పత్రికా ప్రకటనలు రాసే పనిలో చేరారు. నిరుడు ఆ మంత్రిగారి బావమరిది మా ఊరందరికీ నకిలీ మిరప విత్తనాలు అంటగట్టాడు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి గానీ ఒక్క కాయ కాయలేదు. మేం గుంటూరు వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నాం. మర్నాడు పేపర్లో మంత్రిగారి ప్రకటన: "విత్తనాల విషయంలో పొరపాటు జరిగింది. రైతులకు నష్టం వాటిల్లింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేలో ఒక మొక్క పీకి, అది పట్టుకునే మంగళగిరిలో మాస్టారింటికి వెళ్ళాను.

"జరిగింది, వాటిల్లింది అని రాశారే, ఇందులో కర్త ఏడండీ?" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. సుద్ద లేని వేళ్ళు రుద్దుకున్నారు. "కొన్ని వాక్యాలకి కర్త అక్కర్లేదురా. రాజకీయం నీకు తెలీదు. కూర్చో, కాఫీ తాగి వెళ్దువు గాని."

నేను కూర్చోలేదు. మొక్కని ఆయన రాసుకునే బల్ల మీద పడేశాను.

"మంత్రిగారి బావమరిది మమ్మల్ని ముంచాడు. మీరు దాన్ని కప్పెట్టారు. రెండు వాక్యాలు, ఇద్దరు కర్తలు. కర్మ మాత్రం మాది మాస్టారూ!"