వదిన మాట్లాడిన ఇల్లు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసింది. కొత్త ఉద్యోగం, హాస్టల్ తిండి పడక అద్దె ఇల్లు వెతుక్కుంటోంది. ఫోను పట్టుకుని ఓ ఖాళీ ఫ్లాటంతా తిప్పి చూపించి, "అత్తా, ఇల్లు బాగుంది గానీ ఓనరు మనం ఎవులమని అడుగుతన్నాడు. ఏటి సెప్పమంటావు?" అంది. విజయనగరంలో మా పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. గరిటె పక్కన పెట్టి, "ఉన్నదున్నట్టు సెప్పు. నీ నోటితో నువ్వే సెప్పు. ఇంకొకల సేత సెప్పించకు" అన్నాను. ఆ ఆఖరి మాట నేనెందుకంత గట్టిగా అన్నానో దానికి తెలియదు. పులుసు దించేసరికి నా మనసు మాత్రం ఎన్నో ఏళ్ళ కిందటి హైదరాబాదు సందుల్లోకి వెళ్ళిపోయింది.

అప్పటికి మా ఆయన పనిచేసే జనపనార మిల్లు మూతపడింది. హైదరాబాదులో అట్టపెట్టెలు చేసే కంపెనీలో స్టోరు చూసుకునే పని దొరికితే ముందుగా తనొక్కడే వెళ్ళి, నలుగురు మగవాళ్ళతో ఒక గదిలో సర్దుకున్నాడు. ఆ గదిలోకి నేను వెళ్ళలేను. మా పాపని ఆమదాలవలసలో అమ్మ దగ్గర వదిలి, ఇల్లు దొరికాక వచ్చి తీసుకెళ్తానని మాటిచ్చి రైలెక్కాను. నా ధైర్యమంతా అప్పటికే హైదరాబాదులో ఉంటున్న వదిన. ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఆమదాలవలసలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. వాళ్ళది వరి పండించే రైతుల ఇల్లు, మాది మిషను చర్చి కుటుంబం. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. క్రిస్మస్ ముందు మా వరండాలో పాటలు పాడుకుంటుంటే వదిన వచ్చి మా మధ్యలో కూర్చునేది. పాటల పుస్తకం చూడకుండా పాడగలిగేది మా ఇంట్లో మా నాన్న, మా ఇంటి బయట ఆమె. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర పాట మధ్యలో మా అందరి గొంతులూ పూడుకుపోతే, వెనకెక్కడో నిలబడ్డ వదిన అందుకుని చివరిదాకా పాడింది. అలాంటి మనిషి హైదరాబాదులో ఉండగా నాకేం భయం?

వదిన వాళ్ళది ఒక గది, దాన్ని ఆనుకుని వంటకి కాస్త జాగా. వాళ్ళాయన లారీ ఆఫీసులో గుమాస్తా. నాకోసం అతను పాపం బయట మెట్ల పక్కన మడత మంచం వేసుకున్నాడు. ఊరి నుంచి నేను వదినకి పొందూరు చీర ఒకటి, అమ్మ ఇచ్చిన నెత్తళ్ళ ఎండుచేపలు తీసుకెళ్ళాను. చీర చూసి మురిసింది గానీ, నెత్తళ్ళ మూట చూసి, "ఒలే, మెల్లగా తియ్! వాసనొస్తే ఈ ఓనరు మనిద్దర్నీ గెంటీగలడు" అని నవ్వింది. రోజూ వంట ముగించుకుని ఇద్దరం టూలెట్ బోర్డుల వేటకి బయలుదేరేవాళ్ళం. ఎన్ని రకాల ఇళ్ళు చూశామో! ఒకచోట వంటిల్లనేది మెట్ల కింద ఉంది, నిలబడి గరిటె తిప్పితే తల తగులుతుంది. ఇంకోచోట గది బాగుంది, కానీ బాత్రూముకి వెళ్ళాలంటే ఓనరుగారి హాల్లోంచి, ఆయన టీవీకి అడ్డంగా నడవాలి. మరొక ఆయన, మీకు చుట్టాలు ఎక్కువా అని అడిగాడు. శ్రీకాకుళం వాళ్ళని ఆ మాట అడగొచ్చా! నేను లేరని చెప్పేలోగా వదిన, "ఉన్నారు గానీ రారండి" అని సర్దేసింది.

మాట్లాడేదంతా ఆమే. "నువ్వు నోరిప్పకు. మన యాస యింటే అద్దె పెంచీగలరు. నాను మాటాడతాను, నువ్వు తలూపు" అనేది. ఆమె కూడా అదే యాస మాట్లాడుతుంది, తనకి మాత్రం ఆ సంగతి తెలియదు. ఇంకొక పని కూడా చేసేది. గుమ్మం దిగే ముందు అద్దానికి అంటించుకున్న బొట్టుబిళ్ళ ఒకటి పీకి నా నుదుటి మీద పెట్టేది. మా ఇంట్లో బొట్టు అలవాటు లేదు. మొదటి రోజు వద్దన్నాను. "ఏటవుద్దే? ఇలగుంటే ఇల్లు బేగి దొరుకుతాది. ఇల్లు దొరికినాక తీసీ" అంది. అటు ఫోనులో పాప, "అమ్మా, ఇల్లు కొన్నావా?" అని రోజూ అడుగుతోంది. అద్దెకీ కొనడానికీ తేడా తెలియని వయసు. నేను నుదురు వంచాను.

చివరికి ఒక పాత అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటు దొరికింది. కింది అంతస్తులో ఉండే రిటైరైన టీచరుగారిది. రెండు చిన్న గదులు, తూర్పున వంటింటి కిటికీ, కుర్చీ వేసుకోగలిగేంత బాల్కనీ. సందు చివరే బడి. అద్దె మాకు అందేటట్టుంది. టీచరుగారు నెమ్మదైన మనిషి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాప వయసు అడిగారు. "గురువారం వచ్చి తాళాలు తీసుకోండమ్మా" అన్నారు. అప్పుడే వాన మొదలైతే లోపల్నించి తన గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టారు. కింద గేటు దగ్గరికి వచ్చాక వదిన, "నువ్వెళ్ళి ఆటో సూడు. నీళ్ళు ఏ యేళకొస్తాయో అడిగొచ్చీస్తాను" అని వెనక్కి వెళ్ళింది. నేను గొడుగు కింద నిలబడి ఆ బాల్కనీ వైపే చూస్తూ, పాప ఉయ్యాల ఎక్కడ కట్టాలా అని ఆలోచించుకుంటున్నాను.

గురువారం రాకముందే వదిన కబురు తెచ్చింది. "ఆవిడ సెల్లెలి కొడుక్కి ఇచ్చీసిందటే. ఫోన్ సేసింది" అంది. నేను ఏడిస్తే తనే కొంగుతో నా కళ్ళు తుడిచింది. ఇంకొన్నాళ్ళు వెతికి, ఓపిక అయిపోయి, మా ఆయన కంపెనీ వెనక కింది అంతస్తులో ఒక గది తీసుకున్నాం. పట్టపగలు ట్యూబులైటు వేస్తే గానీ బియ్యంలో రాళ్ళు కనిపించవు. "పోన్లే, ఎండ దెబ్బ తగలదు" అన్నాడు మా ఆయన. పాపని తెచ్చుకున్నాం. అంతలో వదిన కూడా వాళ్ళాయన ఆఫీసు దూరమైందని, ఎక్కడికో మారుతున్నామని చెప్పి ఫోన్లు తగ్గించేసింది.

గొడుగు నా దగ్గరే ఉండిపోయింది. ఒక సెలవు రోజు దాన్ని తిరిగిచ్చేద్దామని టీచరుగారి ఇంటికి వెళ్ళాను. గేటు తీస్తూ తలెత్తితే రెండో అంతస్తు బాల్కనీలో నేను వదినకిచ్చిన పొందూరు చీర ఆరేసి ఉంది. అలాంటి చీర ఇంకెవరికైనా ఉండొచ్చనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. టీచరుగారు గొడుగు అందుకున్నారు గానీ కూర్చోమనలేదు. "మీరు చర్చికి వెళ్ళేవాళ్ళయితే నేను కాదనేదాన్ని కాదమ్మా. నాకు దేవుడితో పేచీ లేదు. కానీ ఇంటి కోసం బొట్టు పెట్టుకుని వచ్చారని మీ వదినగారు చెప్పాక మనసు విరిగింది. మోసంతో మొదలుపెట్టే వాళ్ళతో ఒకే గూట్లో ఎలా ఉంటాం?" అన్నారు. నా నుదురు ఖాళీగా ఉంది ఆ రోజు. ఆవిడ దాన్నే చూస్తున్నారు. ఆ బిళ్ళ పెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పబోయి, బాల్కనీలో చీర గుర్తొచ్చి మెట్ల వైపు తిరిగాను.

మెట్లెక్కి తలుపు కొట్టాను. వదిన తీసింది. లోపల, ఊరి నుంచి కొత్తగా తీసుకొచ్చిన వాళ్ళ అత్తగారు మంచం మీద పడుకుని ఉన్నారు, పక్షవాతం. వదిన నన్ను లోపలికి రమ్మని, వంటింట్లోకి తీసుకెళ్ళి, టీ పెట్టడం మొదలుపెట్టింది. తూర్పు కిటికీలోంచి వెలుతురు ఆమె చేతుల మీద పడుతోంది. "ఏటి సెయ్యమంటావే? అత్తని ఆ కొంపలో ఎక్కడ పడుకోబెట్టను? మీ బావ రోజూ పోరు. నువ్వు సిన్నదానివి, ఎక్కడైనా సర్దుకుపోతావు" అంది, నా వైపు తిరక్కుండానే.

"అడిగితే నానే ఈ ఇల్లు నీకు ఒగ్గేద్దును గదా వదినా."

"అడిగితే ఒగ్గవు. ఎవులొగ్గుతారు?" అంది.

అది నిజమేనేమో. ఇప్పటికీ నాకు తెలియదు. ఇల్లు తీసుకున్నందుకు ఆమెని నేను ఎప్పుడో క్షమించి ఉండేదాన్ని. మా పాటలన్నీ కంఠతా వచ్చిన మనిషి, తను పెట్టిన బొట్టునే నా మీద సాక్ష్యంగా చూపించింది. అది మింగుడుపడలేదు. టీ తాగకుండా వచ్చేశాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ గోడకి రెండు వైపులా కూర గిన్నెలు ఆగిపోతాయి. అమ్మ ఫోను చేసి, "వదిన బాగుందేటే?" అంటే బాగుందనేదాన్ని. అమ్మ పోయేదాకా అలాగే అన్నాను.

మేం విజయనగరం తిరిగొచ్చేసిన చాలా ఏళ్ళకి, ఆమదాలవలస స్టేషనులో రైలు కోసం కూర్చుంటే ఎవరో భుజం తట్టారు. వదిన. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు వంగడం లేదు. నా పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకుని, పాప గురించి, మా ఆయన షుగరు గురించి అడిగింది. అత్తగారు ఆ ఫ్లాటులోనే పోయారట. ఏడాది తిరక్కుండా టీచరుగారు ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే, కొన్నవాళ్ళు వీళ్ళని ఖాళీ చేయించారట. చెప్పి చెప్పి నిట్టూర్చి, నా చెయ్యి నిమురుతూ, "ఏటోనే, మనకి ఆ ఇల్లు అచ్చిరాలేదు" అంది.

మనకి! ఆమె మొహంలోకి చూశాను. దాపరికం లేదు, సిగ్గు లేదు, నిజంగానే బాధపడుతోంది. నా రైలు వచ్చింది. చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచాను. కాలం గడిచేకొద్దీ మనుషులు తాము చేసిన అన్యాయాన్ని మరిచిపోతారని విన్నాను గానీ, మరికాస్త గడిస్తే అందులో మనకీ ఓ వాటా పంచి పక్కన కూర్చుని ఏడుస్తారని ఆ రోజే తెలిసింది.