తలుపు వెనక దుంగ

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. రాంగోపాల్‌పేటలో మా అద్దె ఇంట్లో దయ్యం ఉందని ఎవరో అంటే, మరి కిరాయిలో సగం ఇమ్మనండి అన్నవాణ్ణి.

పోలీసు చర్య రోజుల్లో బస్తీలో గడబిడగా ఉందని, లాలాగూడ అవతల ఊళ్లో ఉన్న తాత దగ్గరికి చేరాను. ఆయన ఇల్లు గోల్కొండ సుల్తానుల నాటిదట. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. వాకిలి ఎంత పొట్టిదంటే, ఎంతటివాడైనా వంగి రావాల్సిందే. ఆ పురాతన వైభవం రోజూ నా నుదుటికి తగిలేది.

తలుపు వెనక అడ్డంగా వేసే టేకు దుంగ ఉండేది. తలుపు తీయాలంటే దాన్ని గోడలోపలి బొరియలోకి గుంజాలి. దాన్ని జరపాలంటే ఇద్దరు కావాలి.

సర్కారు లొంగిపోయిందని రేడియోలో విన్న మర్నాడు, పట్టపగలు, పక్క సందులో బట్టలు కుట్టే ఖాసింబీ చంటిపిల్లతో వచ్చి తలుపు బాదింది. తురకల ఇళ్ల మీదికి కర్రలతో గుంపు బయలుదేరిందని మాకు అప్పటికే తెలుసు.

“తాతా, జెర తలుపు తియ్యుండ్రి! పిల్లనన్న తీస్కోండ్రి!”

“గుంజుదామారా?” అన్నాడు తాత.

“తీస్తే మన గతేందే?” అన్నాను. ఒక్క జోకూ తట్టలేదు. దుంగకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. తీయడానికి కాదు.

దుంగ కదిలింది. నూనె రాసినట్టు మెల్లగా గోడలోకి పోసాగింది. నేను ఎదురు నెట్టాను. అరచేతుల్లో పేళ్లు దిగాయి గాని అది ఆగలేదు. తాత దుంగ అవతలి కొసన, చేతులు కట్టుకుని ఉన్నాడు.

ఖాసింబీ వంగి లోపలికి వచ్చింది. మళ్లీ దుంగ వేసేటప్పుడు మాత్రం మా ఇద్దరి నడుములూ విరిగాయి. గుంపు వచ్చి, తలుపు బాది, బూతులు తిట్టి పోయింది.

సాయంత్రం ఆమె తన సూదితోనే నా చేతుల్లోని పేళ్లు తీసింది. “మా కోసం గుంజి గుంజి ఎట్ల జేస్కున్నవ్ బిడ్డా. నీ చేతులు సల్లగుండ!” అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. కాదని కూడా చెప్పలేదు.

తర్వాత ఎన్నోసార్లు ఆ దుంగను ఒక్కణ్ణే గుంజి చూశాను. గోరంత కూడా జరగలేదు. ఆ రోజు ఎలా కదిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తాతను అడిగితే, “నువ్వే గుంజినవ్ గదరా” అంటాడు. ఆయన నిజంగా అలాగే చూశాడో, నా మొహం చూసి అలా అంటున్నాడో, అదీ తెలియదు.